నీడ దక్షిణానికి పడింది: ఒక సైన్స్ కిట్‌పై సమీక్ష

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ దగ్గరి ఒక స్టేషనరీ దుకాణంలో మే నెలలో 650 రూపాయలకు పిల్లల సైన్స్ కిట్ ఒకటి కొన్నాను. ఆకాశం నీలంగా ఎందుకుంటుంది, నీడ పొడవు ఎందుకు మారుతుంది, తడి గుడ్డ ఎందుకు చల్లగా తగులుతుంది వంటి ప్రశ్నలకు పిల్లలే స్వయంగా చేసి చూసుకోగల ప్రయోగాలు ఇందులో ఉన్నాయి. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతుంటాను కనుక దీన్ని రెండు నెలలకు పైగా ఇంట్లోనూ తరగతిలోనూ వాడి చూశాను. పరికరాలు ధరకు తగినవే గాని, వాటితో వచ్చిన తెలుగు పుస్తకం మాత్రం మన ఎండను చూసి రాసినది కాదు.

ముందుగా నీడకర్ర సంగతి. 15 సెంటీమీటర్ల కర్ర, గీతలు గీసిన పలక, చిన్న దిక్సూచి ఇచ్చారు. ఉత్తరార్ధగోళంలో మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని పుస్తకం చెబుతుంది. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీకి ఆ మాట సరిపోతుంది. దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న మనకు సరిపోదు. సూర్యుడు మే మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరొకసారి మన నడినెత్తికి వస్తాడు. ఆ రెండు రోజుల నడుమ కాలమంతా మధ్యాహ్నం వేళ మనకు ఉత్తరం వైపే ఉంటాడు. జూన్ చివరి వారంలో బడి ఆవరణలో కర్ర నిలబెడితే, ఒకటిన్నర సెంటీమీటర్లు దాటిన పొట్టి నీడ దక్షిణానికి పడింది. పిల్లలు దిక్సూచి చెడిపోయిందనుకొని దాన్ని రెండుసార్లు తట్టి చూశారు. ఆ నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నది కూడా 12 గంటలకు కాదు, 12:15 ప్రాంతంలో. మన గడియారాలు కాకినాడ సమీపంగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తాయి. నల్లగొండ దానికి మూడు డిగ్రీలకు పైగా పడమరన ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన సూర్యుడు మన దగ్గరికి ఆలస్యంగా వస్తాడు. ఇంత చక్కని విషయం చేతికి అందే పరికరం ఇచ్చి, పుస్తకంలో దాని ఊసే ఎత్తకపోవడం నాకు నచ్చలేదు.

రెండు ఉష్ణమాపకాలు మాత్రం కిట్‌లోకెల్లా మేలైనవి. ఒకదాని బుడ్డికి తడి ఒత్తి చుట్టి, రెండోదాన్ని పొడిగా ఉంచాలి. రోహిణి కార్తెలో మా వసారాలో పొడిది 41 డిగ్రీలు, తడిది 24 డిగ్రీలు చూపాయి. జూలైలో ముసురు పట్టిన రోజున 30, 26 మాత్రమే: గాలి తేమగా ఉంటే ఒత్తిలోని నీరు అంతగా ఆవిరి కాదు, చల్లదనమూ తగ్గుతుంది. వేసవిలో గదిని చల్లబరిచిన కూలర్ వానాకాలంలో ఉక్కపోతను పెంచడమే తప్ప ఎందుకు పనిచేయదో ఈ రెండు జతల అంకెలు చెప్పేస్తాయి. పుస్తకం ఇక్కడ ‘బాష్పీభవన గుప్తోష్ణం’ (నీరు ఆవిరి కావడానికి తీసుకునే వేడి) అనే మాటను ఒక్క వాక్యంలో నిర్వచించి ఊరుకుంది. మా తరగతిలో ఒక అమ్మాయి, “సార్, మా ఇంట్ల రంజన్ల నీళ్లు గిట్లనే సల్లగైతయి గదా” అన్నది. అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టాము: ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి, పది లీటర్ల రంజను (నీళ్ల మట్టికుండ) చెమర్చి వంద గ్రాముల నీరు ఆవిరైతే, బయటి వేడి చేరనంత వరకు, మిగిలిన నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. కొనేవారికి ఒక జాగ్రత్త: ముందు రెండింటినీ పొడిగానే పక్కపక్కన ఉంచి చూడండి. నాకు వచ్చినవాటి మధ్య ఒక డిగ్రీ తేడా ఉంది. పై అంకెలు దాన్ని సరిచేశాక రాసినవే.

కొవ్వొత్తి ప్రయోగానికి ఇచ్చిన వివరణ తప్పు. నీళ్ల పళ్లెంలో వెలుగుతున్న కొవ్వొత్తిపై గ్లాసు బోర్లిస్తే, ఆక్సిజన్ ఖర్చయినంత మేర నీరు పైకెక్కుతుందని రాశారు. నిజానికి మంట వెలిగినంతసేపు నీరు పెద్దగా కదలదు, ఆరిపోయాకే గబగబా ఎక్కుతుంది. వేడెక్కి వ్యాకోచించిన గాలి చల్లబడి కుంచించుకుపోవడమే దానికి ముఖ్య కారణం. డబ్బాలో మూడు కొవ్వొత్తులు ఉన్నాయి కనుక మూడింటినీ ఒకే గ్లాసు కింద వెలిగించాము. లోపలి ఆక్సిజన్ అంతే అయినా నీరు ఇంకా పైకి ఎక్కింది.

ఆకాశం నీలంగా ఎందుకుంటుందో చూపడానికి నీళ్లలో నాలుగు చుక్కల పాలు కలిపి టార్చి వేసే ప్రయోగం చక్కగా కుదిరింది: పక్క నుంచి లేత నీలం, ఎదుట నుంచి నారింజ రంగు కనబడ్డాయి. పట్టకం చిన్నది, పనికి వస్తుంది. ప్లాస్టిక్ స్టాండు మూడో రోజే విరిగింది.

ఆగస్టులో పాఠశాల కోసం రెండో డబ్బా కొన్నాను. అందులోనూ అదే పుస్తకం వచ్చింది కాబట్టి, నీడ పేజీనీ కొవ్వొత్తి పేజీనీ ఎర్ర సిరాతో దిద్ది, రెండో స్టాండు బదులు ఇటుక వాడుతున్నాము.