పాల ఇంగువ, ముద్ద ఇంగువ, పొడి ఇంగువ: చెన్నైలో ఏది కొనాలి?

చెన్నైలో ఇంగువ మంచిది కావాలంటే ముందు వెళ్ళాల్సింది ప్యారిస్ కార్నర్ దగ్గరి గోవిందప్ప నాయకన్ వీధికి. అక్కడి దినుసుల కొట్లలో మూడు రూపాలూ దొరుకుతాయి. పాల ఇంగువ, అంటే పిండి కలపని అసలు ఇంగువ, కావాలంటే ‘పాల్ పెరుంగాయం’ అనీ, ముద్ద ఇంగువకి ‘కట్టి పెరుంగాయం’ అనీ, పొడికి ‘పెరుంగాయత్తూళ్’ అనీ అడగాలి. ఒట్టి ‘పెరుంగాయం’ అంటే చాలాసార్లు చేతికొచ్చేది పొడి డబ్బాయే. పులిహోరకీ మాగాయ పోపుకీ పాల ఇంగువకి సాటి లేదు. రోజూ చేసుకునే పప్పుకీ చారుకీ ముద్ద ఇంగువ చక్కగా సరిపోతుంది. పొడి తొందర పనికి మాత్రమే.

ముద్దా పొడీ కల్తీ సరుకేమో అని చాలామందికి అనుమానం. కల్తీ కాదు. అసలు ఇంగువ ఘాటు ఎంత ఎక్కువంటే, ఆవగింజంత తేడా వచ్చినా కూర చెడుతుంది. అందుకే దాన్ని పిండితోనూ, గమ్ అరబిక్ అనే తుమ్మజిగురుతోనూ కలిపి కొలతకి లొంగేలా చేస్తారు. దీన్నే లేబుల్ మీద ‘కాంపౌండెడ్ అసఫీటిడా’ అని రాస్తారు. ఆల్కహాల్‌లో కరిగే భాగం కనీసం 5 శాతం ఉండాలన్నది మన ఆహార నిబంధన. చూడాల్సింది డబ్బా వెనకవైపు. దినుసుల పేర్లు బరువు వరసలో, ఎక్కువ ఉన్నది ముందుగా అచ్చవుతాయి. రెండు డబ్బాలు పోల్చేటప్పుడు ఇంగువ పేరు ఏ వరసలో ఉందో, పక్కన శాతం వేశారో లేదో చూసి తీసుకోండి. గోధుమ పడనివాళ్ళు ఇంట్లో ఉంటే ఇది ఇంకా ముఖ్యం. చాలా డబ్బాల్లో కలిసేది మైదా లేదా గోధుమపిండే. బియ్యప్పిండితో చేసినవీ ఉన్నాయి, అడిగి తీసుకోవాలి.

అసలు ఇంగువ ఇంత ఖరీదెందుకంటే, ఇది ఇరాన్, అఫ్గానిస్తాన్‌లలో చలి ఎక్కువగా, వాన తక్కువగా ఉండే నేలల్లో పెరిగే ఫెరులా మొక్క వేరు నుంచి కారే పాలు. మొక్కకి నాలుగైదేళ్ళ వయసు వచ్చాక వేరు పైభాగాన్ని కోసి, కారి గట్టిపడిన పాలను గీకి తీస్తారు. మళ్ళీ పలచగా కోస్తారు, మళ్ళీ గీకుతారు. మన దగ్గర హిమాచల్‌లోని లాహౌల్ లోయలో 2020 అక్టోబరు 15న మొదటి మొక్క నాటారు. వంటింటికి వచ్చే సరుకు మాత్రం ఇంకా దిగుమతి మీదే ఆధారపడి ఉంది.

పాల ఇంగువ 10 గ్రాములకి మించి కొనవద్దు, ఇంటికి నెలల తరబడి వస్తుంది. తాజాది మైనంలా సాగుతుంది, వేళ్ళకి అంటుకుంటుంది. చిన్న ముక్కను గోరువెచ్చని నీళ్ళలో అరగదీస్తే నీళ్ళు పాలలా తెల్లబడాలి. అడుగున ఇసుకో సుద్దో దిగితే ఆ సరుకు వద్దు. స్టీలు చెంచాలో పెట్టి వెలిగిస్తే కర్పూరంలా మండాలి. పైన్ చెట్టు బంక లాంటివి కూడా బాగానే మండుతాయి కనుక నీళ్ళ పరీక్ష వదలకూడదు. పిండి కలిస్తే అయోడిన్ చుక్కకి నీలమవుతుంది, కానీ ఈ పరీక్ష పాల ఇంగువకే పనికొస్తుంది. ముద్దలో, పొడిలో పిండి ఉంటుంది కాబట్టి అవి ఎలాగూ నీలమవుతాయి.

దీన్ని అలాగే వాడడం కష్టం. చేతికి నూనె రాసుకుని శనగగింజంత ముక్కలుగా తుంపి, నూనె లేని మూకుట్లో సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు వేయించాలి. పొంగి, తడి పోయి, పెళుసుగా అవుతాయి. పూర్తిగా చల్లారాక, 10 గ్రాములకి 30 గ్రాముల వేయించిన బియ్యప్పిండి కలిపి మిక్సీలో వేయాలి. వేడిమీద వేస్తే మళ్ళీ జిగురై బ్లేడుకి పట్టేస్తుంది, జార్ కడగడం నరకం. ఈ పొడి అరకిలో బియ్యం పులిహోరకి పావు చెంచా చాలు. మాగాయకైతే పప్పునూనెలో ఇంగువ వేసి, నూనె పూర్తిగా చల్లారాకే ముక్కల్లో కలపాలి.

ముద్ద ఇంగువ ఎండితే రాయిలా ఉంటుంది. పెనం మీద అర నిమిషం వెచ్చచేస్తే మెత్తబడుతుంది, అప్పుడు అడకత్తెరతో శనగబద్దంత ముక్కలు చేసుకోవచ్చు. ఇక్కడ జరిగే పొరపాటు పెద్ద ముక్క వేయడం. బఠాణీగింజంతది వేస్తే పైన నల్లబడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది, పప్పులో పంటికి తగిలితే నోరంతా చేదు. నూనె పొగ రాకముందే చిన్న ముక్క వేసి, అది పొంగి రంగు తిరగగానే తీసి, గరిటెతో నలిపి పోపులో కలపాలి. చారుకి వేరే దారి ఉంది. 5 గ్రాముల ముద్దను 50 మిల్లీలీటర్ల వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం వాడుకోవచ్చు. నలుగురి చారుకి ఒక చెంచా. దించాక వేస్తే పచ్చివాసన మిగులుతుంది, అందుకే మరుగుతుండగా వేసి రెండు నిమిషాలు ఉంచాలి.

పొడిలో పిండి ఎక్కువ కాబట్టి కాగిన నూనెలో రెండు క్షణాల్లో మాడుతుంది. ఆవాలు చిటపటలాడి, కరివేపాకు వేశాక పొడి వేసి వెంటనే పొయ్యి ఆపేయాలి. ఆకులోని తడి నూనె వేడిని కొంచెం తగ్గిస్తుంది. ‘ఇంగువ వేసినా వాసన రావట్లేదు’ అన్న ఫిర్యాదు ఎక్కువగా పొడి వాడేవాళ్ళదే. సగం తప్పు పాతబడిన డబ్బాది, సగం మాడిన పోపుది. మూత సరిగా బిగవని ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్మే పొడి కొనకపోవడమే మంచిది.

చెన్నై ఉక్కలో ఇంగువ త్వరగా చెమ్మ పట్టి గడ్డకడుతుంది. గాజు సీసాలో వేసి, ఆ సీసాను మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. కాఫీ పొడి, టీ, పంచదార ఉన్న అరలో మాత్రం వద్దు. ఇంగువ కట్టిన గుడ్డ అన్న మాట ఊరికే పుట్టలేదు, ఒకసారి ఇంగువకి వాడిన ప్లాస్టిక్ డబ్బా మరి దేనికీ పనికిరాదు.