స్నూకరా, పూలా? క్యూ క్రీడల్లో రాణించదలచిన యువతికి ఏది మేలు

బంతిని గురిచూసి కొట్టడంలో నిలకడ వచ్చిన అమ్మాయికి పదహారు, పదిహేడేళ్ల ప్రాయంలో ఒక ప్రశ్న ఎదురవుతుంది. రోజుకు ఐదారు గంటల సాధనను ఏ బల్ల మీద వెచ్చించాలి? క్యూ అనే పొడవాటి కర్రతో ఆడే స్నూకర్, పూల్, బిలియర్డ్స్ మూడూ చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉన్నా, ఆటగత్తెకు అవి ఇచ్చే జీవితాలు వేరు. వీటిలో బిలియర్డ్స్‌ను ముందే పక్కన పెట్టవచ్చు. మూడే బంతులతో ఆడే ఈ ఆటలో ఒకే దెబ్బతో తన బంతిని మిగతా రెండింటికీ తగిలించే కానన్‌కు 2 పాయింట్లు, ఎర్రబంతిని పాకెట్‌లో (బల్ల అంచున ఉండే రంధ్రంలో) వేస్తే 3 పాయింట్లు వస్తాయి. క్యూతో కొట్టే తెల్లబంతిని అదుపులో పెట్టడం నేర్పడంలో దీనికి సాటి లేదు గాని, మహిళలకు ఇందులో పోటీలు మరీ తక్కువ కాబట్టి దీన్ని చదువుగా తీసుకోవచ్చు, వృత్తిగా తీసుకోవడం కష్టం.

అసలు పోటీ స్నూకర్‌కూ పూల్‌కూ మధ్యనే. స్నూకర్ బల్ల 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. పోటీ పూల్ బల్ల పొడవు 9 అడుగులే. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు, పాకెట్ నోరు సుమారు మూడున్నర అంగుళాలు. పూల్ బంతి 57 మిల్లీమీటర్లకు కొద్దిగా మించుతుంది, మూల పాకెట్ మామూలుగా నాలుగున్నర అంగుళాలు, అంటే దాదాపు రెండు బంతులు పట్టేంత. పైగా స్నూకర్ పాకెట్ అంచులు గుండ్రంగా ఉంటాయి. కుషన్‌ను (బల్ల చుట్టూ ఉండే రబ్బరు గోడను) ఆనుకుని దొర్లుతున్న బంతి వేగం కాస్త ఎక్కువైనా ఆ అంచుకు తగిలి, అటూ ఇటూ కొట్టుకుని బయటికి వచ్చేస్తుంది. పూల్ పాకెట్ అంచులు తిన్నగా కోసినట్టు ఉంటాయి గనుక అదే దెబ్బను చాలాసార్లు క్షమిస్తుంది. దూరపు పాట్‌ను (బంతిని పాకెట్‌లో వేసే దెబ్బను) స్నూకర్ బల్ల మీద వరుసగా వేయగలిగిన చేతికి పూల్ పాకెట్ వెడల్పుగా కనిపించడంలో వింత లేదు. చేయి అందని చోట రెస్ట్ అనే ఆధారపు కర్ర మీద క్యూ ఆన్చి ఆడటం కూడా పెద్ద బల్ల మీద తరచుగా తప్పనిసరి అవుతుంది. పొట్టిగా ఉన్నవారు దాన్ని ఇష్టంగా సాధన చేయకపోతే స్నూకర్‌లో ఎక్కువ దూరం పోలేరు.

అయితే పూల్ సులువైన ఆట అనుకోవడం పొరపాటు. ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలున్న బంతులతో ఆడే నైన్‌బాల్ అనే పూల్ రకంలో, బల్ల మీద ఉన్నవాటిలో చిన్న అంకె బంతినే తెల్లబంతి ముందుగా తాకాలి కాబట్టి, తర్వాతి బంతికి ఏ వైపు చేరాలో ముందే లెక్క కట్టుకోవాలి. బంతుల గుంపును చెదరగొట్టే మొదటి బ్రేక్ దెబ్బ బలంగా, అదుపుగా పడకపోతే ఆ ర్యాక్ (ఒక విడత ఆట) చేజారవచ్చు. స్నూకర్‌లో ఓపికకు, వరుస పాటింగ్‌కు ప్రతిఫలం ఎక్కువ. పదిహేను రెడ్స్, పదిహేను బ్లాక్స్, ఆపైన రంగుబంతులు ఆపకుండా వరుసగా వేస్తే 147 పాయింట్లు అవుతాయి. ఇలా ఒకే వరుసలో కూడబెట్టిన స్కోరునూ స్నూకర్‌లో బ్రేక్ అనే అంటారు. నైన్‌బాల్‌లో మాత్రం ఒక బంతితో మరో బంతిని కొట్టించే ఒక్క కాంబినేషన్‌తో తొమ్మిదో బంతి పడిపోయి ఆట ముగియవచ్చు. ఒక మ్యాచ్ వరకు చూస్తే అదృష్టానికి అక్కడే చోటు ఎక్కువ. పెద్ద క్రీడాకారిణిని ఓడించే అవకాశం యువతికి త్వరగా దొరికేదీ అక్కడే.

ఇక వృత్తి సంగతి. స్నూకర్‌లోని గొప్ప ఆకర్షణ, ప్రధాన వృత్తి టూర్ (ఏడాది పొడవునా సాగే పోటీల వరుస) తలుపు స్త్రీలకూ తెరిచే ఉండటం. 2021 నుంచి మహిళల టూర్‌లో పైకి వచ్చినవారికి రెండేళ్ల ప్రవేశార్హత లభిస్తోంది. పన్నెండు ప్రపంచ కిరీటాలు గెలిచిన రియాన్ ఎవాన్స్, హాంకాంగ్‌కు చెందిన ఎన్‌జీ ఆన్ యీ తొలి విడతలో దాన్ని పొందారు. 2022లో థాయ్‌లాండ్ యువతి నుచరుత్ వోంగ్‌హరుథాయ్, 2024లో చైనాకు చెందిన బై యులు ప్రపంచ విజేతలై ఆ దారిలో నడిచారు. నుచరుత్ 2019లోనే సాధనలో 147 బ్రేక్ సాధించింది. కానీ ఆ టూర్‌లోకి అడుగుపెట్టిన యువతి వారం వారం ఆటే బతుకుగా పెరిగిన పురుషులతో తలపడాలి. గెలుపులు అరుదు, ఖర్చులు మాత్రం నిక్కచ్చి. ప్రపంచ ఛాంపియన్‌షిప్ విజేతకు 5 లక్షల పౌండ్లు దక్కే ఆటలో మహిళల కిరీటానికి వచ్చేది దాని దరిదాపుల్లో ఉండదు.

చరిత్ర ఒక పాఠం చెబుతుంది. ఏడుసార్లు మహిళల ప్రపంచ స్నూకర్ విజేత అయిన ఆలిసన్ ఫిషర్ 1995లో అమెరికా వెళ్లి నైన్‌బాల్‌లో స్థిరపడి, అక్కడా అగ్రస్థానానికి చేరింది. మూడుసార్లు విజేత కారెన్ కార్ అదే బాట పట్టింది. మహిళల స్నూకర్‌కు ఆర్థిక ఆధారం జారిపోయి 2004లో ప్రపంచ పోటీ అసలే జరగని రోజుల్లో, ఐదు కిరీటాల కెల్లీ ఫిషర్ కూడా పూల్‌కు మారింది. వీళ్లెవరూ ఓడిపోయి స్నూకర్‌ను వదల్లేదు. తగినన్ని టోర్నమెంట్లు లేక వదిలారు. అమెరికాలో మహిళల పూల్ సంఘం 1976 నుంచి ఉండటం, ఒక దశలో ఆ పోటీలు టెలివిజన్‌లో కనిపించడం వారికి ఆసరా అయ్యాయి.

ఈ మార్పు ఎక్కువగా ఒకే దిశలో జరిగిందన్నది నా తీర్పుకు ఆధారం. స్నూకర్‌లో నేర్చిన పాటింగ్ పూల్‌కు పనికొచ్చినంతగా, పూల్ అలవాట్లు పెద్ద బల్లకు పనికిరావు. కాబట్టి ఇరవై, ఇరవై ఒకటి వరకు స్నూకర్‌నే ప్రధానంగా పట్టుకోవడం మేలని నేను అంటాను. అప్పటికి మహిళల టూర్‌లో మొదటి పది పదిహేను మందిలో నిలిచి, యాభై దాటిన బ్రేక్‌లు తరచుగా వేస్తున్న అమ్మాయి ప్రవేశార్హత కోసం పోరాడవచ్చు. లేకపోతే నిరుత్సాహపడకుండా పూల్‌కు మారవచ్చు. ముందు స్నూకర్ అన్న ఈ మాటకు మినహాయింపు ఒకటుంది. ఇంట్లో ఆర్థికంగా ఆదుకునేవారు లేక త్వరగా సంపాదన అవసరమైతే, లేదా దగ్గర్లో మంచి స్నూకర్ బల్లే లేకపోతే, ముందు నుంచీ పూల్‌లో ఉండటమే తెలివి.

రెండింటికీ మధ్య చైనీస్ ఎయిట్‌బాల్ అనే దారీ ఉంది. తొమ్మిదడుగుల బల్ల, పూల్ బంతులు, స్నూకర్ తరహా గుండ్రని పాకెట్లు దాని లక్షణాలు. పెద్ద బల్లను వదిలి చిన్న బల్లకు వచ్చే యువతికి తొలి ఏడాదిలో ఇది పాత అలవాటు చెడిపోకుండా చూస్తుంది. మారేటప్పుడు మొదట మార్చుకోవలసింది క్యూ. స్నూకర్ క్యూ టిప్ (బంతిని తాకే కొన) సన్నగా, 9–10 మిల్లీమీటర్లుంటుంది. బరువైన పూల్ బంతికి స్పిన్ ఇవ్వడానికీ బ్రేక్‌కూ 12–13 మిల్లీమీటర్ల టిప్ కావాలి. కొత్త టిప్‌తో దెబ్బ పడే తీరు చేతికి పట్టుబడటానికి కొన్ని నెలలు పడుతుంది కాబట్టి, ఆ కాలంలో టోర్నమెంట్లకు ఎక్కువ డబ్బు ఖర్చు చేయకపోవడమే మంచిది.