డబ్ల్యూఎస్‌యూఎస్ ఆఫ్‌లైన్ అప్‌డేట్: నెట్ లేని ల్యాబ్‌లో ఏళ్లపాటు వాడాక

విండోస్ అప్‌డేట్‌లను ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి, నెట్ లేని కంప్యూటర్లలో వేసుకోవడానికి పనికొచ్చే ఉచిత టూల్ ఇది. ఎక్కడ దొరుకుతుంది, ఏ బటన్ నొక్కాలి అన్నవి వెతికితే బోలెడు చోట్ల దొరుకుతాయి, ఆ జోలికి పోను. నేను రాయాలనుకున్నది దీని ఇన్‌స్టాలర్‌లో ఉండే ఒకే ఒక్క టిక్ బాక్స్ గురించి. పేరు 'ఆటోమేటిక్ రీబూట్ అండ్ రీకాల్'. చాలామంది దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం ఈ టూల్ మీద ఇష్టం పుట్టింది ఆ టిక్ వల్లే.

నేను మారతహళ్లిలో ఒక ట్రైనింగ్ సెంటర్ ల్యాబ్ చూసుకుంటాను. అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి, పీజీల్లో ఉంటూ జావా, టెస్టింగ్, ట్యాలీ నేర్చుకునే పిల్లలే ఎక్కువ. ముప్పైకి పైగా డెస్క్‌టాప్‌లు, దాదాపు అన్నీ ఎస్.పి. రోడ్‌లో కొన్న సెకండ్ హ్యాండ్‌వి. సెంటర్‌కి ఉన్న నెట్ కనెక్షన్ ఒకటే, డేటా పరిమితి దాటితే స్పీడ్ పడిపోతుంది. పరీక్షలు పెట్టే ల్యాబ్ కాబట్టి ఆ మెషీన్లకు నెట్ అసలే ఇవ్వం. నెట్ లేనప్పుడు అప్‌డేట్‌లు దేనికని మేనేజ్‌మెంట్ మొదట్లో అడిగేది. పిల్లల పెన్‌డ్రైవ్‌లు రోజూ వస్తూ పోతూ ఉంటాయి సార్ అని చెప్పేవాణ్ణి. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వచ్చింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చేసింది, ప్యాచ్ వేయని మెషీన్లే దెబ్బతిన్నాయి. ఒకదానికి సోకితే లోకల్ నెట్‌వర్క్ పట్టుకుని మిగతా వాటికి పాకే రకం అది. ఆ తర్వాత ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

విండోస్ 7 కాలంలో పని చేసినవాళ్లకు ఈ బాధ తెలుస్తుంది. సర్వీస్ ప్యాక్ 1 ఉన్న డిస్క్‌తో కొత్తగా వేస్తే, దాని మీద రెండు వందలకు పైగా అప్‌డేట్‌లు పడాలి. నెట్ ఉన్నా సరే, 'చెకింగ్ ఫర్ అప్‌డేట్స్' అని గంటల తరబడి తిరుగుతూ ఉండేది. 2016లో మైక్రోసాఫ్ట్ దాదాపు అన్నిటినీ కలిపి కేబీ3125574 అనే నంబరుతో ఒక రోలప్ ఇచ్చింది కానీ, అది వేయడానికి ముందు కేబీ3020369 వేయాలి, దాని తర్వాత మిగిలినవి వేయాలి. కొన్ని వేయడం, రీస్టార్ట్ చేయడం, లాగిన్ అవడం, మళ్లీ ఇన్‌స్టాలర్ నడపడం. ఒక మెషీన్ అయితే చేసుకోవచ్చు. వరుసగా ముప్పై మెషీన్ల మధ్య తిరుగుతూ, ఏది ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకుంటూ చేయడం వేరే సంగతి.

ఆ టిక్ పెడితే ఈ తిరుగుడంతా అదే చూసుకునేది. లోపల చేసే పని ఏమిటంటే, వోయూటెంప్‌అడ్మిన్ అనే పేరుతో ఒక తాత్కాలిక అడ్మిన్ ఖాతా తయారు చేస్తుంది. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగకుండా ఆ ఖాతాలోకి లాగిన్ అవుతుంది, మధ్యలో ప్రశ్నలు రాకుండా యూఏసీని (అడ్మిన్ మార్పులకు ముందు అనుమతి అడిగే విండోస్ రక్షణ) ఆపి ఉంచుతుంది, ఇన్‌స్టాలర్‌ని తనే మళ్లీ పిలుస్తుంది. ఇక వేయాల్సినవి ఏమీ లేవని తేలాక యూఏసీని యథాస్థితికి తెచ్చి, ఆ ఖాతాని తనే తీసేస్తుంది. సాయంత్రం చివరి బ్యాచ్ వెళ్లాక అన్నిటిలో టిక్ పెట్టి మొదలుపెడితే, పొద్దున వచ్చేసరికి అన్నీ అయిపోయి మన మామూలు లాగిన్ స్క్రీన్ కనిపించేది. ఆ స్క్రీన్ల వరుస చూస్తే కలిగే ఆనందం ల్యాబ్ నడిపినవాళ్లకే అర్థమవుతుంది. కోరమంగల, బీటీఎం వైపు ఇదే పని చేసే స్నేహితులందరికీ నేనే చెప్పి పెట్టించాను.

ఇప్పుడు ఆ సోమవారం సంగతి. అప్పటికి మా ల్యాబ్ విండోస్ 10కి మారింది. శనివారం సాయంత్రం ఎప్పటిలాగే అన్నిటిలో మొదలుపెట్టి వెళ్లాను. అప్‌డేట్ ఫైళ్లున్న క్లయింట్ ఫోల్డర్‌ని ఒక మెషీన్‌లో షేర్ చేసి, మిగతావన్నీ అక్కణ్ణుంచి తీసుకునేలా పెట్టడం మా పద్ధతి. రాత్రి పెద్ద వాన పడింది, కరెంటు పోయింది. మా యూపీఎస్ మెషీన్లను షట్‌డౌన్ చేసుకునేంత సేపు మాత్రమే ఆగుతుంది, షట్‌డౌన్ చేయడానికి అక్కడ ఎవరూ లేరు. తర్వాత కరెంటు వచ్చింది. కొన్ని మెషీన్లలో కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ బయోస్‌లో ఉంది, అవి లేచాయి. షేర్ ఉన్న మెషీన్ లేవలేదు.

సోమవారం పొద్దున ఏడున్నర బ్యాచ్‌కి సెంటర్ తెరిచిన కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మన సిస్టమ్స్‌లోకి ఎవడో దూరినట్టున్నాడు. ఎక్కడ చూసినా ఏదో అడ్మిన్ అని పేరుంది. పాస్‌వర్డ్ కూడా అడగట్లేదు." పిల్లలు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఎవర్నీ ఏమీ ముట్టుకోవద్దని చెప్పి బయల్దేరాను.

జరిగిందేమిటంటే, లేచిన మెషీన్లు పద్ధతి ప్రకారం తాత్కాలిక ఖాతాలోకి లాగిన్ అయ్యాయి, షేర్ కోసం వెతికాయి, అది దొరకలేదు. దాంతో ఇన్‌స్టాలర్ ముందుకు వెళ్లలేదు. తాత్కాలిక ఖాతాని తీసేసే ఆఖరి మెట్టు దాకా రాలేదు కాబట్టి అది అలాగే ఉండిపోయింది. అంటే ఆదివారమంతా పూర్తి అడ్మిన్ హక్కులతో, యూఏసీ లేకుండా, పాస్‌వర్డ్ లేకుండా ఆ మెషీన్లు తెరిచి ఉన్నాయి. నెట్ లేదు కనుక బయటివాళ్ల భయం లేదు. కానీ పరీక్షల ల్యాబ్‌లో ఏ పిల్లవాడైనా కూర్చుని ఏమైనా మార్చగల స్థితి. నా టెన్షన్ అంతా దాని గురించే. ఇంకొన్నిటిలో సరిగ్గా అప్‌డేట్ పడుతుండగా కరెంటు పోయింది. అవి ఆన్ చేస్తే, అప్‌డేట్ పూర్తి కాలేదని, మార్పులు వెనక్కి తీసుకుంటున్నానని చెప్తూ చాలాసేపు తిరిగాయి. ఒకటి బూట్ కానే లేదు, దాన్ని బ్యాకప్ ఇమేజ్ నుంచి మళ్లీ వేశాను.

నన్ను ఆదుకున్నది కూడా ఈ టూల్‌లోనే ఉంది. క్లయింట్ ఫోల్డర్ లోపల సీఎండీ అనే ఫోల్డర్‌లో 'క్లీనప్‌రీకాల్' అని ఒక స్క్రిప్ట్ ఉంటుంది. ఆ తాత్కాలిక ఖాతా నుంచి సైన్ అవుట్ అయి, మన అసలు అడ్మిన్ ఖాతాలోకి వచ్చి, దాన్ని రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి. ఆటోమేటిక్ లాగిన్, ఖాతా రెండూ పోతాయి. పోయాయని నమ్మి వదిలేయకండి. యూఏసీ మళ్లీ ఆన్ అయిందో లేదో చూసుకోవాలి, యూజర్స్ ఫోల్డర్‌లో ఆ పేరుతో ఫోల్డర్ మిగిలి ఉంటే తీసేయాలి. మాకు కొన్నిటిలో మిగిలింది. ఇది జరిగేదాకా ఆ స్క్రిప్ట్ అక్కడ ఉందని ఎవరూ చెప్పగా నేను వినలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

లాగ్ ఫైల్ సాయం కూడా మరిచిపోలేను. విండోస్ ఫోల్డర్‌లో డబ్ల్యూఎస్‌యూఎస్‌ఆఫ్‌లైన్‌అప్‌డేట్ పేరుతో ఉంటుంది, ఏది ఎన్ని గంటలకు పడింది, ఎక్కడ ఆగింది అన్నీ టైముతో సహా రాసి ఉంటాయి. దాన్ని చూసే ఏ మెషీన్‌ని ముందు పట్టుకోవాలో తేల్చుకున్నాను. మళ్లీ ఇన్‌స్టాలర్ నడిపితే పడనివి మాత్రమే వేసింది. మధ్యాహ్నం బ్యాచ్‌కి ల్యాబ్ సిద్ధమైంది.

ఆ రోజు తర్వాత ఆ టిక్ పెట్టడం దాదాపు మానేశాను. విండోస్ 10లో దాని అవసరం కూడా తగ్గిపోయింది. నెలకి పాతవన్నీ కలిపిన ఒక పెద్ద క్యుములేటివ్ ఫైల్ వచ్చేది, 2021 నుంచి సర్వీసింగ్ స్టాక్ (అప్‌డేట్‌లను వేసే విండోస్ భాగం) కూడా అందులోనే కలిపి ఇచ్చారు. ఒక్క రీస్టార్ట్‌తో పని అయిపోయేది. డాట్‌నెట్ లాంటివి కలిసి వచ్చిన నెల, నేను అక్కడే ఉండే రోజు చూసుకుని టిక్ పెట్టేవాణ్ణి. అదీ క్లయింట్ ఫోల్డర్‌ని ముందు ఒక్కో మెషీన్ సొంత డిస్క్‌లోకి కాపీ చేశాకే. షేర్ పోతే ఆగిపోయే సమస్య అలా లేకుండా చేసుకున్నాం. స్నేహితులకు కూడా మళ్లీ ఫోన్ చేసి ఈ మాటే చెప్పాను.

మిగతా విషయాల్లో నా అభిప్రాయం మారలేదు. ఒక్కసారి డౌన్‌లోడ్ చేస్తే ల్యాబ్ అంతటికీ సరిపోవడం మా డేటా పరిమితికి పెద్ద వరం. ఇన్‌స్టాలర్‌లో ప్యాకేజీలను సరిచూసుకునే ఆప్షన్ ఉంది, తప్పకుండా ఆన్ చేసుకోండి. చవక పెన్‌డ్రైవ్‌లో కాపీ అయిన ఫైల్ పాడై ఉంటే ముందే పట్టేస్తుంది. అయితే ఇది ఏ అప్‌డేట్ కావాలో తేల్చుకునేది మైక్రోసాఫ్ట్ ఇచ్చే, అప్‌డేట్‌ల జాబితా ఉండే క్యాబ్ ఫైల్‌ని చూసి. అందులో సెక్యూరిటీకి సంబంధించినవే ప్రధానంగా ఉంటాయి, డ్రైవర్లు రావు. సెకండ్ హ్యాండ్ మెషీన్ల డ్రైవర్ల తలనొప్పి మీకు అలాగే ఉంటుంది. జర్మనీలో 'సీటీ' అనే కంప్యూటర్ పత్రిక చొరవతో మొదలైన టూల్ ఇది, తర్వాత కమ్యూనిటీ ఎడిషన్‌గా కొనసాగింది. ఉచితంగా ఇంత ఓపికగా చేసినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది.

ఫ్యాకల్టీ కోసం కొన్న కొత్త మెషీన్లలో విండోస్ 11 ఉంది, వాటికి దీన్ని వాడట్లేదు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ నుంచి ఎంఎస్‌యూ అనే అప్‌డేట్ ఫైల్ తెచ్చి, విండోస్‌లోనే ఉండే డిస్మ్ కమాండ్‌తో వేస్తున్నాను. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, తర్వాతి నెలల ఫైళ్లకు ఆధారంగా ఉండే చెక్‌పాయింట్ అప్‌డేట్ అని ఒకటి వచ్చింది. కొత్త నెల ఫైల్ ఒక్కటే వేయబోతే ఒప్పుకోకపోవచ్చు. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన కేబీ5043080ని కూడా అదే ఫోల్డర్‌లో పెడితే, డిస్మ్ దాన్ని తనే వెతికి వేసుకుంటుంది.

డొమైన్, సర్వర్ ఉన్న ఆఫీసు అయితే మీకు ఈ టూల్ అక్కర్లేదు. ఇంట్లో ఒకటో రెండో కంప్యూటర్లు, మంచి నెట్ ఉంటే అసలే అక్కర్లేదు. మా లాగా నెట్ ఇవ్వని మెషీన్లు పదుల్లో ఉండి, చూసుకునే మనిషి ఒక్కడే అయితే పనికొస్తుంది. మాకు మాత్రం ఇంకా ఎన్నాళ్లో చెప్పలేను. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మా పాత ఐ5 మెషీన్లలో చాలా వాటికి విండోస్ 11 అడిగే ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేవు. సగం మెషీన్లనైనా మార్చమని మేనేజ్‌మెంట్‌కి కొటేషన్ ఇచ్చాను, జవాబు ఇంకా రాలేదు.