సద్దుల బతుకమ్మకు నువ్వుల ముద్దలు: దంచినవి మేలా, పాకం పట్టినవి మేలా?

మా పుట్టింట్లో నువ్వుల ముద్దలంటే దంచినవే. నాయనమ్మ పొయ్యి దగ్గరకు వెళ్లేది నువ్వులు వేయించడానికి ఒక్కసారే. తర్వాత పనంతా రోటి దగ్గరే. బెల్లం వేసి దంచుతుంటే కాసేపటికి పిండి జిడ్డు తేలి దానంతట అదే ముద్దకు వచ్చేది. పెళ్లయి హనుమకొండకు వచ్చాక అత్తమ్మ చేసిన పాకం ముద్దలు తిన్నాను. వేడి మీదే చుట్టినవి, కొరికితే పటుక్కుమనేవి. అప్పటి నుంచి రెండు రకాలూ చేస్తున్నాను. బతుకమ్మ చివరి రోజైన సద్దుల నాటికి మాత్రం దంచిన ముద్దలే మేలని నా గట్టి నమ్మకం.

మొదటి కారణం పొయ్యి. తొమ్మిదో రోజు తెల్లవారినప్పటి నుంచి పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం, నువ్వులన్నం ఒకదాని వెంట ఒకటి దిగుతూ ఉంటాయి. ముందు గదిలో తంగేడు, గునుగు పూలు పేర్చడం సగంలో ఉంటుంది. పాకానికి అరగంట కళ్లార్పకుండా నిలబడే తీరిక ఆ రోజు ఎవరికీ ఉండదు. దంచిన ముద్దలు ముందు రోజే అయిపోతాయి, వాటికి పొయ్యితో పని ఐదారు నిమిషాలే.

రెండోది పిల్లలు. పాకం మరిగే నీటికంటే వేడిగా ఉంటుంది, పైగా చర్మానికి అంటుకుంటే వదలదు. చల్లారితే చుట్టడానికి రాదు కాబట్టి చేతులు కాలుతున్నా ఆగడానికి వీలుండదు. ఆ పనికి పిల్లల్ని దగ్గరకు రానివ్వలేం. దంచిన పిండిని ఆరేళ్ల పాప కూడా చుట్టగలదు. పండుగ వంట పిల్లల చేతికి అందాలని నేను కోరుకుంటాను. నాకు ఈ ముద్దలు వచ్చింది అలా రోటి పక్కన కూర్చునే.

కొలత చెబుతాను. పొట్టు తీయని తెల్ల నువ్వులు పావు కిలో, బెల్లం 200 గ్రాములు, నాలుగు యాలకులు. ఇరవై దాకా ముద్దలు వస్తాయి. నువ్వుల్లో సన్నని ఇసుక ఉంటుంది, గాలించకపోతే మొదటి ముద్దకే పంటి కింద తగులుతుంది. గాలించిన గింజలు పూర్తిగా ఆరాలి. ఈ రోజుల్లో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం కనుక బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాటికే ఆ పని ముగించుకోవడం మంచిది. సన్నని మంట మీద వేయించి, చిటపటలు మొదలై కమ్మని వాసన రాగానే దించాలి. రంగు కోసం ఆగితే చేదెక్కుతాయి. బాగా చల్లారాక కచ్చాపచ్చాగా దంచి, తురిమిన బెల్లం, యాలకుల పొడి వేసి మళ్లీ దంచాలి.

నువ్వు గింజ బరువులో దాదాపు సగం నూనే. గింజ నలిగినప్పుడు ఆ నూనె ఊరి బెల్లాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే చుక్క నీరు కూడా పోయకూడదు. నీరు తగిలితే ముద్ద త్వరగా పాడవుతుంది. కుదురుకోకపోతే గోరువెచ్చని నెయ్యి ఒక చెంచా చాలు. మిక్సీ వాడేవారు ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే మిక్సీ గిన్నె వేడెక్కి, నూనె పొంగి, పిండి ముద్దకు రాకుండా జావలా మారుతుంది.

ఇక పాకం ముద్దలు. నిల్వలో వాటిదే పైచేయి. బాగా ముదిరిన పాకంలో నీరు దాదాపు మిగలదు కాబట్టి గాలి చొరని డబ్బాలో మూడు వారాలైనా కరకరలాడతాయి. దంచినవి పది రోజులు దాటితే నూనె వాసన మొదలవుతుంది. దూర ప్రయాణంలో దంచినవి చిదిగిపోతాయి కూడా. హాస్టల్లో ఉన్న పిల్లలకు, దూరాన ఉన్న ఆడపడుచుకు పంపాలంటే నేను పాకమే పడతాను. కానీ పాకం కుదరడం అనుభవం మీద వచ్చేది. చల్లని నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే గట్టి ఉండ కట్టాలి, పళ్లెంలో వేస్తే టంగుమనాలి. లేతగా దించితే ముద్దలు సాగుతాయి, ముదిరితే పెద్దవాళ్ల పళ్లకు అందవు. మా అత్తమ్మే చివరి ఏళ్లలో తను చేసిన ముద్దలు తను తినలేకపోయింది.

ఎండు కొబ్బరి పొడిలో చిక్కని తీపి డబ్బా పాలు (కండెన్స్‌డ్ మిల్క్) కలిపి చుట్టే ఉండలు ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపిస్తున్నాయి. నిప్పే అక్కరలేదు, పది నిమిషాల పని. చుట్టాలు చెప్పకుండా వచ్చిన రోజుకు సరే. సద్దులకు మాత్రం నేను ఒప్పుకోను. వాటిలో తీపి తప్ప మరో రుచి లేదు, వేయించిన నువ్వుల కమ్మదనం ముందు అవి నిలవవు.

పొడిగానే ఉంచి సత్తుగా పంచుకోవచ్చు కదా అని అడగవచ్చు. మలీద (రొట్టెలు నలిపి బెల్లం కలిపినది), పల్లీల సత్తు మేమూ పొడిగానే తీసుకెళ్తాం. కానీ హనుమకొండలోని పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గర బతుకమ్మలను నీళ్లలో వదిలాక, ఆ జనంలో, మసక వెలుతురులో, ‘ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం’ అంటూ చేతి నుంచి చేతికి మార్చుకునేటప్పుడు పొడి సగం నేలపాలవుతుంది. ముద్ద అయితే ముక్కూమొహం తెలియని ఆవిడ చేతిలో కూడా నిండుగా పడుతుంది.

ఈసారి అర కిలో నువ్వులు వరంగల్ బీటు బజారు నుంచి తెచ్చాను. పావు కిలో పాకానికి, హాస్టల్ డబ్బా కోసం. మిగతా పావు కిలోతో సద్దుల ముందు రోజు సాయంత్రం పిల్లలు రోటి చుట్టూ కూర్చుంటారు.