నర్సరీలో అమ్మే కుండీ కార్నేషన్: నెల్లూరు ఎండకి కొనొచ్చా?

కొనొచ్చు. కాకపోతే బంతిలాగా ఇదీ ఒక సీజన్ మొక్కే అనుకుని కొనాలి. "ఏడాది పొడుగునా పూస్తుంది" అని నర్సరీలో చెప్పే మాట ఊటీలో చెల్లుతుందేమో గానీ మన దగ్గర చెల్లదు. కార్నేషన్‌కి పగలు 20–25 డిగ్రీలు, రాత్రి 10–15 డిగ్రీలు ఉంటే హాయి. నెల్లూరులో సంక్రాంతి చలి రాత్రుల్లో కూడా 20 దరిదాపుల్లోనే ఆగిపోతుంది. అందుకని డిసెంబరు మధ్యలో తెచ్చుకుంటే మార్చి దాకా పూలు చూడొచ్చు. అక్టోబరు, నవంబరుల్లో తెస్తే వాయుగుండం వానలకి మొదలు కుళ్లుతుంది. చూరు కిందో, బాల్కనీలోనో పెట్టుకునే వీలుంటే తప్ప తొందరపడొద్దు.

కొనేటప్పుడు విరిసిన పూలని చూసి మోసపోకండి, మొగ్గల్ని చూడండి. కొసన రంగు కనబడుతున్న మొగ్గలు నాలుగైదు ఉంటే మంచి మొక్క. ఆకుపచ్చగా, గట్టిగా ఉన్న మొగ్గలు ఇంటికి తెచ్చాక చాలావరకు ఎండిపోతాయి. తర్వాత కుండీని వంచి మట్టిగడ్డని కాస్త బయటికి లాగి చూడండి. అమ్మేవాళ్లు విసుక్కున్నా సరే. వేర్లు తెల్లగా ఉండాలి. గోధుమరంగు తిరిగి, వాసన వస్తుంటే వదిలేయండి. ఆకు నీలిబూడిద రంగులో, మైనం పూసినట్టుండాలి. పచ్చటి ఆకు, ఒంటి వరసలో అయిదు రేకుల పువ్వు ఉంటే అది కార్నేషన్ కాదు, నర్సరీల్లో డయాంథస్ పేరుతో అమ్మే దాని దగ్గరి చుట్టం. అదేం చెడ్డ మొక్క కాదు, మన ఎండకి ఇంకాస్త ఓర్చుకుంటుంది కూడా. కార్నేషన్ ధర మాత్రం పెట్టొద్దు.

ఈ మొక్కలతో పెద్ద ఇబ్బంది నర్సరీ కుండీలో నింపే కొబ్బరిపొట్టు. పైన ఎండినట్టు కనబడుతుంది, అడుగున తడి ఉంటుంది. అది చూసి రోజూ నీళ్లు పోస్తారు, వేరు కుళ్లుతుంది. పూర్తిగా ఎండిపోతే మళ్లీ పోసిన నీళ్లు లోపలికి సరిగా ఇంకకుండా అంచుల వెంట జారిపోవచ్చు. కుండీని చేత్తో ఎత్తి బరువు చూసి పోయడం మేలు. మొదటి విడత పూలయ్యాక 8 అంగుళాల కుండీలోకి మార్చండి: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు వర్మీకంపోస్టు, పిడికెడు వేపపిండి, చెంచాడు ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు తెగుళ్లని అడ్డుకునే మంచి శిలీంధ్రం పొడి). పాత కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టాలి. మొదలు మట్టిలో కూరుకుపోతే అక్కడే కుళ్లు మొదలవుతుంది. మార్చాక కాండం సాగి వాలిపోతుంది. పొట్టిగా ఉంచడానికి పెంపకందారులు వాడే మందు ప్రభావం తగ్గితే అంతే, మీ తప్పేం లేదు. రెండు పుల్లలు గుచ్చి దారం కట్టండి.

నీళ్ల సంగతి ఇక్కడ మరీ ముఖ్యం. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. కుండీ అంచున తెల్లటి పొర కట్టి, ఆకు కొసలు మాడుతుంటే కారణం అదే. ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని దీనికి పోస్తుంటారు. వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. పట్టిన వాన నీళ్లో, మున్సిపల్ కుళాయి నీళ్లో పోయండి. పదిహేను రోజులకోసారి అడుగు నుంచి బాగా కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది.

ఎరువుగా 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) లీటరు నీటికి 2 గ్రాములు, పదిహేను రోజులకోసారి చాలు. మొగ్గ పట్టాక నత్రజని తగ్గించి, పొటాష్ ఎక్కువుండే 13:0:45 ఇవ్వండి. యూరియా వేస్తే మొగ్గ కింది పచ్చని గొట్టం పగిలి రేకులు ఒక పక్కకి జారతాయి. బోరాన్ తక్కువైనా అంతే. పగలబోతున్న మొగ్గకి సన్నటి రబ్బరు బ్యాండు వేస్తే పువ్వు నిలుస్తుంది. పెద్ద పువ్వు కావాలంటే కొమ్మకి కొస మొగ్గ ఒక్కటుంచి పక్కవి తుంచాలి. గుత్తిగా కావాలంటే కొస మొగ్గనే తుంచేయాలి.

ఫిబ్రవరి చివర ఎర్రనల్లి వస్తుంది. ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనబడగానే పొద్దున్నే నీళ్లతో గట్టిగా కడగండి. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకి 2 గ్రాములు, అదీ ఎండెక్కకముందే. వేడిలో కొడితే ఆకు మాడుతుంది. ఒక పక్క కొమ్మలు వాలిపోయి, కోసి చూస్తే లోపల గోధుమరంగు చారలుంటే అది ఎండు తెగులు. మందు లేదు. మట్టితో సహా పారేయండి, ఆ కుండీలో మళ్లీ కార్నేషన్ పెట్టొద్దు.

గింజల ప్యాకెట్లు అసలు కొనొద్దు. మొలవక కాదు, వారం పది రోజుల్లో మొలుస్తాయి. పువ్వుకి అయిదారు నెలలు పడుతుంది. నవంబరులో చల్లితే మొగ్గ వేసే వేళకి మనకి కత్తెర ఎండలు.

అయిదుకి మూడు మార్కులు. లవంగం వాసన కోసం ఇంకో అర. కోసి వాజులో పెట్టిన పూలని మాత్రం మగ్గేసిన అరటిగెల పక్కన పెట్టొద్దు. పండు నుంచి వచ్చే ఇథిలీన్‌కి రేకులు లోపలికి ముడుచుకుని తొందరగా వాడిపోతాయి.