వంద పూసల దండ, పన్నెండు దగ్గర ఒక ముడి

నేను కొన్న గణితం కిట్టుకి అయిదుకి మూడు చుక్కలు ఇస్తున్నాను. అందులో రెండున్నర ఒక్క పూసల దండకే. మిగతా పెట్టెకంతా కలిపి అర చుక్క చాలు.

నేను కొన్నది ప్రాథమిక తరగతుల గణితం కిట్టు. ఆన్‌లైన్లో 1,850 రూపాయలు పడింది, నా జీతం డబ్బులే. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివి బోలెడు దొరుకుతున్నాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నేను పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట ఏజెన్సీలో ఒక సవర గిరిజనుల గూడెం బడిలో టీచర్ని. ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ నావే, మొత్తం 19 మంది పిల్లలు. డెలివరీ కుర్రాడు కొండెక్కనన్నాడు. అందుకని పాలకొండలో మా చెల్లెలింటికి తెప్పించుకుని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను.

పెట్టె తెరిస్తే ఎర్రవి పది, తెల్లవి పది చొప్పున మార్చి మార్చి గుచ్చిన వంద పూసల దండ, ఒకట్లకీ పదులకీ వందలకీ ప్లాస్టిక్ దిమ్మెలు, ఉత్తుత్తి నోట్లు, భిన్నాల కోసం పిజ్జా బొమ్మ వేసిన గుండ్రటి ముక్కలు, అట్ట గడియారం, రెండు పాచికలు, ఒక పుస్తకం ఉన్నాయి. గడియారం ముల్లు రెండో రోజే ఊడిపోయింది. దాని గురించి ఇంక చెప్పను.

పుస్తకం ఒక పక్క హిందీ, ఒక పక్క ఇంగ్లీషు. పెట్టె మీద మాత్రం 'జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం' అని పెద్ద అక్షరాలు. వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమని రాసింది ఆ విధానంలోనే. మా పిల్లల ఇంటి భాష సవర. నా ఇంటి భాష తెలుగు. కిట్టు పుస్తకంలో రెండూ లేవు. మా సర్కారు పాఠ్యపుస్తకం ఎంతో నయం, ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. నాకైతే ఎక్కడో ఒక చోట కాలు ఆనుతుంది. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లకి మాత్రం రెండు పేజీలూ పొరుగూరివే.

ఇక దండ. దీన్ని గోడకి రెండు మేకుల మధ్య కట్టి, ఒక్కో పూసా జరుపుతూ లెక్కపెట్టించాలి. పది కాగానే రంగు మారుతుంది. పది అంటే ఏమిటో చెప్పక్కర్లేకుండా కంటికే తెలుస్తుంది. ఆలోచన బంగారం లాంటిది, అందులో అనుమానం లేదు.

మొదటి వారం మూడో తరగతి అమ్మాయి ఒకతి అదే తప్పు మళ్ళీ మళ్ళీ చేసింది. అప్పుడు తప్పనే అనుకున్నాను. ఎర్రవి పదీ జరిపేది, తెల్లవాటిలో ఇంకో రెండు జరిపేది, అక్కడ వేలు పెట్టి ఆగేది. "రంగు మారింది కదమ్మా, పది దగ్గర ఆగాలి" అని నేను చెప్పడం, తలూపి మళ్ళీ పన్నెండు దగ్గరే తను ఆగడం. పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. నాలుగో రోజు విసుక్కున్నాను కూడా. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆ మధ్యాహ్నం మనవడికి జ్వరమని ఇంటికి తీసుకెళ్ళడానికి ఒక తాత వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి నవ్వాడు. "పన్నెండు కాకుండా ఊపిరెలా తీసుకుంటాది టీచరమ్మా?" అన్నాడు.

తర్వాత అరుగు మీద కూర్చుని చింతపిక్కలతో చూపించాడు. సవరలో పన్నెండు దాకా దేని పేరు దానికుంది. పన్నెండుని మిగ్గల్ అంటారు. పదమూడంటే మిగ్గల్ మీద ఒకటి, మిగ్గల్‌బోయ్. అలాగే పంతొమ్మిది దాకా పోతుంది. ఇరవైల లెక్కకి వేరే మాట ఉంది, కుడి. (నా చెవికి వినిపించినట్టు రాస్తున్నాను, ఊరికీ ఊరికీ పలుకు కొంచెం మారుతుంది.) ఆయన కుడి కుడి అంటుంటే మొదట నేను ఆయన కుడిచెయ్యి వైపు చూశాను! ముప్పై మూడంటే ఒక కుడి, ఒక మిగ్గల్, ఒకటి. తొంభై మూడంటే నాలుగు కుడిలు, ఒక మిగ్గల్, ఒకటి. పన్నెండునీ ఇరవైనీ ఇలా ఒకే లెక్కలో కలిపి వాడే భాషలు ప్రపంచం మొత్తంలో చాలా అరుదు. పిల్ల ఆగాల్సిన చోటే ఆగింది.

మనకి మాత్రం అన్నీ పదుల్లోనే ఉన్నాయా? మా అమ్మమ్మ పిడకలు పుంజీల్లో లెక్కపెట్టేది. పుంజీ అంటే నాలుగు. అయిదు పుంజీలు ఇరవై అని ఆవిడకి నిద్రలో లేపి అడిగినా వచ్చేది. అరటిపళ్ళు ఇప్పటికీ డజన్లలోనే కొంటున్నాం. ఆ ఇంట్లో పెరిగి, నేను ఆ పిల్లని నాలుగు రోజులు పది దగ్గరికి లాక్కొచ్చాను.

ఆదివారం దండ విప్పి మళ్ళీ గుచ్చాను. రంగులు కదపలేదు, పది పదిగా కనిపించాల్సిందే. పన్నెండో పూస తర్వాత పచ్చ ఉన్ని ముడి, ఇరవయ్యో పూస తర్వాత పసుపు ఉన్ని ముడి వేశాను. మళ్ళీ ముప్పై రెండు దగ్గర పచ్చ, నలభై దగ్గర పసుపు, అలా తొంభై రెండు దాకా. ఇప్పుడు పదమూడో పూస మీద వేలు పెడితే మూడు పేర్లు పలుకుతాయి. సవరలో పన్నెండు మీద ఒకటి. తెలుగులో పది మీద మూడు. ఇంగ్లీషులో థర్టీన్, అందులో మూడు ముందొచ్చి పది వెనక నిలబడుతుంది. థర్టీన్ అని చెబితే పిల్లలు 31 ఎందుకు రాస్తారో పన్నెండేళ్ళ సర్వీసులో నాకు ఆ రోజే బుర్రకెక్కింది. తెలుగులో పదమూడు అన్నప్పుడు పది ముందు, మూడు వెనక, అంకెలు వేసినట్టే ఉంటుంది. ఇది తెలిశాక ఒకటో తరగతికి స్థానవిలువ తెలుగు పేర్లతో మొదలుపెట్టి, ఇంగ్లీషు పేర్లు తర్వాత చెబుతున్నాను.

ఈ సంగతి మండలం మీటింగులో చెబితే తోటి మాస్టారొకరు, "పరీక్షలో మిగ్గల్ అని రాస్తారా మేడం?" అన్నారు. రాయరు. పదులే రాస్తారు. ఆ పిల్ల ముప్పై మూడుని ఇరవై, పన్నెండు, ఒకటిగా ముందే విడగొట్టగలదు. అదే ముప్పై మూడుని ముప్పై, మూడుగా విడగొట్టడం తనకి రెండు పూటల పని అయింది. విడగొట్టడం అన్నదే తెలియని పిల్లకి నేర్పడానికి నాకు నెలలు పట్టిన రోజులున్నాయి. అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. అయిదో తరగతి పిల్లలు చాలామంది తెలుగు అంకెలకి అలవాటు పడిపోయారు, ముడుల్ని పట్టించుకోలేదు. ఇద్దరికి సవర లెక్క ఇరవై దాటి రాదు, ఇంటికెళ్ళి అడిగి వచ్చారు. నా సవర కూడా అంతంతమాత్రమే, నేను పలికితే నవ్వుతారు.

ఇదేదో నేను కనిపెట్టిన సంగతి అనుకోకండి. మా బడి బీరువా అడుగున చెదలు తినగా మిగిలిన సవర వాచకాలు దొరికాయి, తెలుగు లిపిలో అచ్చువేసినవి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది, అందులో సవర ఒకటి. అంతకు ఎంతో ముందే, ఇక్కడికి దగ్గర్లోని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, ఆ భాషలో పాఠాలు తయారుచేసి, వాళ్ళకి బడులు పెట్టించారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి వాడుక తెలుగు గురించి ప్రసంగాలు చేస్తాం. సవర సంగతి ఎత్తేవాళ్ళు తక్కువ. నేనూ ఎత్తలేదు, మొన్నటిదాకా.

పిజ్జా ముక్కల దగ్గరికి వస్తాను. పిల్లలకి పిజ్జా తెలియదని వెక్కిరించడం నాకు ఇష్టం లేదు, ఫోన్లో అందరూ చూశారు. కోసి పంచుకున్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. అరముక్కా పావుముక్కా పక్కపక్కన పెట్టి పోల్చడానికి అవి బాగానే పనికొస్తాయి. కూడికకి వచ్చేసరికి చేతులెత్తేస్తాయి. నేను ఇంటి నుంచి మా అమ్మ కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల మోసుకొచ్చాను. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే ప్రతిదీ పైదాంట్లో సగం. చోళ్ళు (రాగులు) పోసి కొలిపించాను. అడ్డ మీద మానిక పోస్తే ముప్పావు కుంచం. అరకి పావు కలిపితే ఎంతని అడిగితే "రెండు బై ఆరు" అని రాసిన పిల్లాడు చోళ్ళు పోసి చూసుకుని, తనే రబ్బరు అడిగి తుడిచేశాడు. సోల అంటే కుంచంలో పదహారో వంతు అని వాడే లెక్కగట్టాడు. కొలిచిన చోళ్ళు నేల మీద ఒలికి, సాయంత్రం దాకా ఊడ్చాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

ఉత్తుత్తి నోట్లలో పదీ, యాభై, వందా ఉన్నాయి. ఇరవై లేదు! ఇరవైల్లో లెక్కపెట్టే ఊరికి ఇరవై నోటు లేని పెట్టె. పాత క్యాలెండరు అట్టలు కత్తిరించి మేమే చేసుకున్నాం. సీతంపేట సంతలో పైనాపిల్ కావిళ్ళలెక్కన అమ్ముతారు కాబట్టి ఆటలో కూడా కావిడే పెట్టాం. కావిడి 240 అని ఒకరు, 200కి ఇవ్వమని ఇంకొకరు. బేరం ఆడేటప్పుడు మూడో తరగతి పిల్లలు ఎన్ని ఇరవైలు ఇవ్వాలో కాగితం లేకుండా చెబుతున్నారు. పది కాకపోతే పన్నెండు. అదే లెక్క పుస్తకంలో 240 భాగహారం 20 అని కనిపిస్తే టెన్షన్ పడతారు. దానికి మందు ఇంకా నాకు దొరకలేదు.

కొనాలా అని అడిగితే, దండ విడిగా అమ్మితే కొనండి. లేదంటే ఏ ఫ్యాన్సీ షాపులోనైనా రెండు రంగుల పూసలు, గట్టి నైలాను తాడు తెచ్చుకుని మీరే గుచ్చుకోండి, చాలా తక్కువలో అయిపోతుంది. కిట్టుతో వచ్చిన దారం పది రోజులకే తెగి, పూసలన్నీ బెంచీల కిందకి దొర్లాయి. గుచ్చే ముందు మీ పిల్లలు ఇంట్లో ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటారో అడిగి, అక్కడ ముడి వేయండి.

చివరగా కంపెనీ వాళ్ళకి ఒక ఫిర్యాదు. దారం తెగాక నైలాను తాడుకి ఎక్కించేటప్పుడు తొంభై రెండు దగ్గర చివరి ముడి వేసి, మిగిలినవి లెక్కపెట్టకుండా గుచ్చేశాను. మర్నాడు, పన్నెండు దగ్గర ఆగే ఆ అమ్మాయే, దండ చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మేడం, వంద లేవు. నాలుగు కుడిలు, మిగ్గల్, ఆరే ఉన్నాయి." బెంచీల కిందా గుమ్మం దగ్గరా అంతా వెతికాం, ఒక్క పూస దొరకలేదు. పెట్టె వచ్చిన రోజు తీసిన ఫోటో పెద్దది చేసి చూస్తే చివరి తెల్లపూసలు ఎనిమిదే. పది రోజులు నేను దాని ముందు నిలబడి వంద, వంద అని పాఠం చెప్పాను. కంపెనీకి రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. జ్వరం తగ్గిన మనవణ్ణి దింపడానికి వచ్చిన తాత సంగతి విని, రెండు కుంకుడు గింజలకి కాల్చిన ఊచతో బెజ్జాలు పెట్టి ఇచ్చాడు. తెల్లపూసల చివర ఆ నల్లవి రెండూ గుచ్చాం. ఇప్పుడు అయిదు కుడిలు.