రోడ్డెక్కిన జలాంతర్గామి: టైప్ 2బి కిట్ బిగించి చూశాను

మనవడి సెలవులకని 1/144 స్కేలు (అసలుదానిలో 144వ వంతు) నమూనా కిట్ ఒకటి తెప్పించాను. జర్మనీవాళ్ల చిన్న తీరప్రాంత జలాంతర్గామి, టైప్ 2బి. అసలుది 42.7 మీటర్లు. బిగించాక మనకొచ్చేది 30 సెంటీమీటర్లకు కాస్త తక్కువ.

ముక్కలు బాగా కుదిరాయి. ముందున్న మూడు టార్పెడో గొట్టాల మూతలు ఎంత శుభ్రంగా ఉన్నాయో! పొట్ట రెండు సగాలు కలిసేచోట సన్నటి సందు మిగిలితే పుట్టీ పెట్టి ఎమరీ పేపర్‌తో రుద్దాను. రెయిలింగ్ మాత్రం మరీ పలచన, కోస్తుంటేనే రెండుచోట్ల విరిగింది.

నా బాధల్లా కిట్ పెట్టెలో పెట్టిన చరిత్ర కాగితం గురించే. ఈ రకం జలాంతర్గామే అయిన యూ-23 కెప్టెన్ ఒట్టో క్రెట్‌ష్మర్ 1940 ఫిబ్రవరిలో బ్రిటిష్ డిస్ట్రాయర్ డేరింగ్‌ను ముంచాడని రాశారు. అందులో ఐదుగురే బతికారు, ఆ మాట రాయలేదు. అక్కడినుంచి ఒక్క గంతులో 1944కు పోయారు.

మధ్యలో జరిగిందే కదా అసలు కథ! జర్మనీ వీటిని నల్లసముద్రానికి పంపాలనుకుంది. అక్కడికి దారి టర్కీ జలసంధులు. యుద్ధంలో ఉన్న దేశాల యుద్ధనౌకలను టర్కీ అటు పోనివ్వదు. అందుకని 1942 నుంచి ఇలాంటివి ఆరింటిని జర్మనీ రేవు కీల్‌లో విప్పారు. ఇంజన్లు, బ్యాటరీలు, పైనున్న గోపురం తీసేసి బరువు తగ్గించారు. ఎల్బ్ నది మీద డ్రెస్డెన్ దాకా తెచ్చి, అక్కడ పెద్ద ట్రెయిలర్లకెక్కించి రోడ్డు మీద ఇంగోల్‌స్టాట్ చేర్చారు. తర్వాత డాన్యూబ్ నది వెంట కిందికి తెచ్చి, మళ్లీ బిగించి, రొమేనియాలోని కాన్‌స్టాంటా రేవుకు చేర్చారు.

తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో కోచ్‌ను ఎత్తి, కిందుండే చక్రాల చట్రాలు (వాటినే మేం బోగీలంటాం) విడదీసే పని ముప్పై ఏళ్లు చేశాను. విప్పినదాన్ని విప్పినట్టే బిగించడం ఎంత టెన్షనో నాకు తెలుసు. పైగా అది నీళ్ల కింద కారకూడదు. ఆ పని చేసిన ఫిట్టర్ల గురించి ఒక్క ముక్క లేదంటే మనసు ఒప్పలేదు.

1944 ఆగస్టులో రొమేనియా జర్మనీని వదిలి పక్షం మారింది, రేవు పోయింది. మిగిలిన మూడింటిని సెప్టెంబరులో టర్కీ తీరం దగ్గర సొంత సిబ్బందే ముంచేశారు. యూ-23 వాటిలో ఒకటి.

"తాతా, నిజంగా రోడ్డు మీద పోయిందా?" అని మావాడు పదిసార్లు అడిగాడు. కిట్ కొనండి, డబ్బుకు తగినదే. నేను ఇంకోటి తెప్పిస్తున్నా. ఈసారి గోపురం అతికించను. కింద చెక్కతో చాలా చక్రాల ట్రెయిలర్ చేస్తాను.